తొమ్మిది రోజుల నార్మల్

పలాసలో పోలారావు ల్యాబులో పొద్దున్నే మొదటి సూది అపర్ణకే. షట్టరెత్తి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, స్టూలు మీద కూర్చుని ఆ పిల్ల ఎడమ చెయ్యి తనే చాపేది. పోలారావు రబ్బరు గొట్టం బిగించి, కాస్త రక్తం లాగి, గాజు గొట్టంలో పోసి, దానికి తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి బాల్‌పెన్నుతో "నార్మల్" అని రాసేవాడు. పేరు రాసేవాడు కాదు.

ఇదేం చోద్యం అనకండి. క్రియాటినిన్ అంటే పలాస బస్టాండులో పల్లీలమ్మే మనిషినడిగినా చెబుతుంది. కిడ్నీలు బయటికి పంపకుండా రక్తంలో వదిలేసే చెత్త అది. ఒకటి లోపుంటే మనిషి బాగున్నట్టు, పెరిగేకొద్దీ మంచానికి దగ్గరవుతున్నట్టు. రక్తం పైన తేరిన నీరులో పచ్చటి మందూ సోడా కలిపితే పసుపులో సున్నం పడ్డట్టు ఎర్రబడుతుంది. ఆ రంగు ఎంత ముదిరిందో మిషన్లో పెట్టి, కంపెనీ సీసాలో వచ్చే స్టాండర్డు ద్రావకం రంగుతో పోల్చి లెక్క కట్టాలి. ఆ సీసా కాస్తా పోలారావు చేతిలోంచి జారి భళ్లున పగిలింది. కొత్తది విశాఖపట్నం నుంచి రావాలి. ఇవాళ, రేపు అంటున్నాడు ఏజెంటు. జనం ఆగుతారా?

"నీ రగతమే స్టాండర్డు" అన్నాడు పోలారావు మొదటి రోజు. "పద్దెనిమిదేళ్ల గుంటవి, నిచ్చేపంలాగున్నావు. నీకు సున్నా పాయింట్ తొమ్మిదనుకుందాం. నీ రంగుతో పోల్చి మిగతావోల్లకి లెక్క కట్టీడమే."

"మీది పెట్టొచ్చు కదా మావా?"

"నాదేటి! ఈ మిషను కొని ఆరేళ్లయినాది, నా రగతం ఒక్కసారీ దాంట్ల ఎట్టనేదు. ఎట్టి, ఏదైనా తేలితే?" పోలారావు నవ్వాడు. ఆయనదీ కంచిలి పక్క ఊరే, ఇంటింటా కిడ్నీ రోగమున్న ఉద్దానమే. నవ్వుతూనే సూది విప్పిన కాగితాన్ని నలిపి నలిపి చిన్న ఉండ చేసేశాడు.

అది రెండువేల ఐదో సంవత్సరం ఆగస్టు నెల. అపర్ణ ఆ ల్యాబులో చేరి మూడు నెలలు. ఎంసెట్ రాసి, ఫలితాల కోసం ఊరికే కూర్చోలేక వచ్చింది. నూట అరవైకి ఎనభై మూడు మార్కులొచ్చాయి. ర్యాంకు ఆరువేల నాలుగువందల పన్నెండు. "అంటే పేసా, పెయిలా?" అని అడిగింది వాళ్లమ్మ నూకరత్నం. ఏం చెబుతుంది? ఆ రెండూ కాదు. గుమ్మం దాకా వెళ్లి లోపలికి పిలుస్తారో లేదో తెలీకుండా నిలబడటం లాంటిది.

ఆ మంగళవారం అపర్ణ, పోలారావు మోటారు సైకిలు మీద జలంత్రకోట వెళ్లారు. అంతకుముందు వారం తీసిన రక్తాల రిపోర్టులు ఇవ్వాలి. కొబ్బరితోటల మధ్య దారి, తోటల వెనక సముద్రం హోరు. మామూలుగా రిపోర్టులిచ్చే రోజంటే ఆ ఊళ్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. రచ్చరుగు మీద వరసగా కూర్చుని, పేరు పిలిస్తే లేచి, కాగితం తీసుకుని, చదవడం రానివాళ్లు అపర్ణ మొహంలోకి చూస్తారు. వాళ్లకి ఆ పిల్ల అప్పటికే డాక్టరు.

"దాలమ్మ" అని పిలిచింది అపర్ణ.

దాలమ్మకి అరవై దాటాయి. తోటల్లో జీడిపిక్కలేరే మనిషి. భర్తా, పెద్ద కొడుకూ ఈ రోగంతోనే పోయారు. రెండు నెలల కింద ఆమెకి నాలుగు పాయింట్ ఆరొచ్చింది.

"ఎంతొచ్చినాది డాట్రమ్మా?"

"ఒకటి పాయింట్ అయిదు మామ్మా."

"మల్లీ సెప్పు."

మళ్లీ చెప్పింది. దాలమ్మ రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుంది. "ఓలమ్మో! దిగిపోనాదే! దిగిపోనాది!" అని అరుగు దిగి వీధిలో పడింది. అపర్ణ తరవాతి పేరు పిలిచింది. ఏడు పాయింట్ మూడున్న గోవిందుకి రెండు పాయింట్ నాలుగు. ఇంకొకరికి మూడున్నర ఒకటీ చిల్లరైంది. పేరు పిలిచేకొద్దీ ఊరు ఊరంతా లేచి నిలబడింది. ఒకడు ఈల వేశాడు. ఒకామె ఏడుస్తూ వచ్చి అపర్ణ రెండు చేతులూ కళ్లకద్దుకుంది. గ్రామదేవతకి కోడిపుంజు మొక్కున్నానని ఒకరు, వేరుమందు పట్టిందని ఒకరు, బావి మార్చి నీళ్లు తాగితే తగ్గిందని ఒకరు. దాలమ్మైతే ఆ పూటే చారెడు ఉప్పేసి ఎండుచేపల పులుసు వండించింది, డాక్టరు రెండు నెలలుగా వద్దన్న పులుసు.

"మందులు మానకు మామ్మా" అంది అపర్ణ.

"ఎందుకే మందులు? తగ్గిపోనాది కదా! నువ్వే సెప్పినావు కదా!"

అందరి ముఖాల్లోనూ అదే నవ్వు. నలభై ఒక్కమంది ఒకేసారి నవ్వుతుంటే అపర్ణకి సంతోషం కలగాలి. కలగలేదు. మంచి కబురు వచ్చే పద్ధతి ఇది కాదని ఎక్కడో అనిపించింది. ఇల్లు చేరాక కాలి పట్టీలు ఊడదీసి గూట్లో పెట్టింది. నాలుగు రోజులుగా అవి బిగుసుకుపోయి, చీలమండల మీద గాడి పడుతున్నాయి. ఎక్కువసేపు నిలబడి పనిచెయ్యడం వల్లేననుకుంది.

బుధవారం తల్లీకూతుళ్లు టెక్కలి బస్సెక్కారు. అక్కడ కూర్మనాథం గారని, రిటైరైన ఆఫీసు గుమస్తా. ఎంసెట్ రాసిన పిల్లలందరికీ ఆయన వీధరుగే కౌన్సెలింగు. ఏ కాలేజీలో, ఏ కేటగిరీలో, ఏ ఏడు, ఎన్నో ర్యాంకు దగ్గర సీట్లు ఆగిపోయాయో పదేళ్ల లెక్కా ఒక బైండు పుస్తకంలో రాసుకున్నాడు. మనవరాలు పంచాంగం పట్టుకొచ్చినంత భక్తిగా దాన్ని తెచ్చిపెడుతుంది. నూకరత్నం రెండు కొబ్బరికాయలు అరుగు మీద పెట్టి దూరంగా నిలబడింది.

ఆయన కళ్లజోడు తుడుచుకుని, పుస్తకం మూడు చోట్ల తెరిచి, వేలిని గీతల వెంట నడిపించాడు.

"మామూలుగా అయితే ఈ ర్యాంకుకి నమస్కారం పెట్టి పంపించేసేవాణ్ణి తల్లీ. ఈ ఏడు ఆఖర్లో కొత్త కాలేజీ ఒకటి కలిసింది. సీట్లు కిందికి దిగాయి. మన కేటగిరీలో ఆఖరి సీటు నీకు ముందున్న ఒక్కరి దగ్గర ఆగింది. వెయిటింగులో మొదటి పేరు నీది."

"ఆ ఒక్కరూ ఎవరు బాబూ?" అంది నూకరత్నం.

"కంచిలి కుర్రాడే. మణిదీప్ అని. శనివారం సాయంత్రం అయిదులోగా విజయవాడలో కాగితాలిచ్చి చేరాలి. చేరితే సరే, చేరకపోతే సీటు నీది." ఆయన గొంతు తగ్గించాడు. "ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కావాలి కదా. మన ఉద్దానం పిల్లలకి పలాస డాక్టరుగారు క్రియాటినిన్ రిపోర్టు చూడందే సంతకం పెట్టడం లేదు. వాళ్లింట్లో తండ్రికీ బాబాయికీ ఉంది రోగం. నేను ఎవరి చెడూ కోరను. ఛాన్సు ఎంతుందని అడిగారు, ఉన్నమాట చెప్పాను."

తిరుగు బస్సులో నూకరత్నం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఆ గుంటడికి ఏటీ అవ్వకూడదు. వోల్లమ్మ కడుపు సల్లగుండాల" అంది పలాస పొలిమేర దగ్గర. "అయినా ఒక్కొక్కరి రాత" అని, ఆ మాటకి తనే ఉలిక్కిపడి కొంగుతో నోరు మూసుకుంది. అపర్ణ అమ్మకేసి చూడలేదు. అదే మాట తన కడుపులో ఎప్పుడో పడింది.

గురువారం పొద్దున పదింటికి మణిదీప్ ల్యాబు మెట్లెక్కాడు. బక్కగా, పొడుగ్గా, చేతుల నిండా గీరుకుపోయిన మచ్చలతో ఉన్నాడు. సెలవుల్లో కొబ్బరి చెట్లెక్కుతాడట. స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపి, తల పక్కకి తిప్పేసుకున్నాడు.

"నాకు సూదంటే బయం. రేపు డాక్టరునెలగ అవుతానో ఏటో" అని నవ్వాడు. "వెయిటింగులో నీ పేరుందంట కదా అపర్ణా? కూర్మనాథం గారు సెప్పినారు. నీకూ ఎక్కడో ఒకచోట వచ్చేత్తాది, సూడు."

అపర్ణ అతని మోచేతి మడతలో వేలితో తడిమింది. నరం దొరికింది, రక్తం వచ్చింది. గొట్టంలో పోస్తూ లోపల్లోపల, రానీ, పెద్ద నెంబరు రానీ, అనుకుంది. అనుకున్నది తనే అని తెలిసి చెవులు వేడెక్కాయి. ఛీ, మనిషి పుట్టుకేనా ఇది?

మందులు కలిపి పదిహేను నిమిషాలు ఆగింది. ఎప్పట్లాగే నార్మల్ గొట్టం ముదురు నారింజ రంగెక్కింది. మణిదీప్‌ది మాత్రం లేత పచ్చ దాటనే లేదు. మిషన్లో ముల్లు కొద్దిగా కదిలి ఆగిపోయింది. లెక్క కడితే సున్నా పాయింట్ మూడు.

"సూసినావా, పిల్లడు ఉక్కు" అన్నాడు పోలారావు, రిపోర్టు మీద సంతకం గీకుతూ.

అపర్ణకి మొదట ఆశ చచ్చింది. ఆ వెనకే భయమేసింది. చెట్లెక్కే కుర్రాడికి, కండ ఉన్నవాడికి కాస్త ఎక్కువే ఉండాలి, సున్నా పాయింట్ మూడా? పుస్తకంలో మగవాళ్లకి సున్నా పాయింట్ ఏడు కంటే తక్కువ రాయలేదు. ఆ ప్రశ్న మొన్న ఎంసెట్‌లో వచ్చి ఉంటే తప్పు పెట్టేదేమో, ఇప్పుడు మాత్రం ఆ మూడు కుదరదని తెలుసు. మధ్యాహ్నం పోలారావు అన్నానికి వెళ్లాక పాత రిజిస్టరు, కొత్త రిజిస్టరు పక్కపక్కన పెట్టింది. దాలమ్మ నాలుగు పాయింట్ ఆరు, ఇప్పుడు ఒకటిన్నర. గోవిందు ఏడు పాయింట్ మూడు, ఇప్పుడు రెండు పాయింట్ నాలుగు. మూడున్నర, ఒకటీ చిల్లర. వేలు పెట్టి ఒక్కొక్కరినే భాగించుకుంటూ వెళ్లింది. కాస్త అటూ ఇటూగా అందరిదీ మూడో వంతే. ముసలివాళ్లు, పడుచువాళ్లు, మందులు వాడేవాళ్లు, వాడనివాళ్లు, అందరి రోగమూ ఒకే పాళ్లలో తగ్గింది.

ఫ్యాను ఆగిపోయింది, కరెంటు పోయినట్టుంది. ల్యాబులో ఇంకెవరూ లేరు. స్టాండులో పొద్దుటి నార్మల్ గొట్టం ఒక్కటే నిలబడి ఉంది, ముదురు రంగుతో. అపర్ణ పచ్చమందు సీసా చూసింది, సోడా సీసా చూసింది, మిషను అద్దం తుడిచింది, నీళ్లు మార్చింది. ఆ గొట్టం వైపు మాత్రం చూడలేదు. రబ్బరు చెప్పు పాదంలోకి కోసుకుంటుంటే వంగి సర్దుకుంది.

సాయంత్రం మణిదీప్ ఆయాసపడుతూ తిరిగొచ్చాడు. డాక్టరుగారు రిపోర్టు చూసి విసిరి కొట్టారట. "ఈ నెంబరు మనిషికి రాదు, మళ్లీ చేయించుకురా, రేపు నాలుగింటి దాకా ఉంటాను" అన్నారట. రైలు రేపు సాయంత్రం ఆరింటికి.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి బస్సు డ్రైవరు చేత పార్సిలొచ్చింది. పంచెలో చుట్టిన పసిబిడ్డని పట్టుకున్నట్టు పోలారావు ఆ స్టాండర్డు సీసాని రెండు చేతులతో పట్టుకొచ్చాడు. మణిదీప్ బయట బల్ల మీద, కాళ్ల దగ్గర బ్యాగుతో కూర్చున్నాడు. పొద్దున్నే మళ్లీ రక్తమిచ్చాడు. బన్ను తింటూ గోడ గడియారం చూసుకుంటున్నాడు.

అలవాటు కొద్దీ పోలారావు ముందు నార్మల్ గొట్టమే మిషన్లో పెట్టాడు. ఈసారి పోల్చడానికి అసలైన స్టాండర్డు ఉంది. లెక్క కట్టాడు. పెన్ను ఆగిపోయింది. మళ్లీ కలిపి, మళ్లీ ఆగి, మళ్లీ పెట్టాడు. కాగితం తిరగేసి అపర్ణ ముందుకి తోశాడు.

రెండు పాయింట్ ఏడు.

"మిషన్లో ఏదో..." అన్నాడు.

"మిషను బాగానే ఉంది మావా" అంది అపర్ణ. "అతనిది పెట్టండి."

మణిదీప్‌ది సున్నా పాయింట్ తొమ్మిది.

పోలారావు స్టూలు మీద కూర్చుని రెండు నెంబర్లూ పక్కపక్కన రాశాడు, సున్నా పాయింట్ తొమ్మిదనుకున్న అపర్ణది సరిగ్గా మూడింతలు. తొమ్మిది రోజులుగా ఊరందరి రక్తాన్నీ ఎవరితో పోల్చి మంచిదన్నారో ఇద్దరికీ అర్థమైంది. ఉద్దానంలో నార్మల్ కోసం వెతికి, కళ్లెదుట నవ్వుతూ తిరుగుతోంది కదా అని ఒక పిల్లని నమ్మారు. అంతకన్నా ఇంకేం తప్పు చెయ్యలేదు.

"ఇటు సూడు అపర్ణా." పోలారావు లేచి తలుపు సగం మూశాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెడ్డవాడు కాదు పాపం, ఆ పిల్లంటే ప్రాణం. "నాను సెప్పినట్టు ఇను. పార్సిలు రానేదు అనుకో. నాలుగు దాటితే డాక్టరుగారెల్లిపోతారు, ఆ గుంటడి రైలెల్లిపోతాది. సీటు నీది. నీ కాయితం మీద సున్నా పాయింట్ తొమ్మిదని నానే రాసిత్తాను. తొమ్మిది రోజులయి అదే రాత్తన్నాను కదేటి? డాట్రువైతే అక్కడే పెద్దోల్లుంటారు, నీ ఒంటికీ మంచి వయిద్యం దొరుకుతాది."

"మరి జలంత్రకోట వాళ్లు?"

"వచ్చే నెల మల్లీ తీత్తాం కదా. అప్పుడు పెరిగినాదని సెప్తాం."

"దాలమ్మ మామ్మ మందులు మానేసింది."

పోలారావు చేతిలోని స్టాండర్డు సీసా బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు పిలిచి చెబితే ఎందుకు తప్పొచ్చిందని అడుగుతారు. నాది చెప్పాలి. నాది చెబితే నాకు ఎవరు సంతకం పెడతారు?" అంది అపర్ణ. అది అడుగుతున్నట్టు లేదు, లెక్క ఒప్పచెబుతున్నట్టుంది. ఒక్క సంతకం, ఒక్క రోజు. చిన్నప్పట్నుంచీ కోరుకున్న తెల్లకోటు తలుపు సందులోంచి కనిపిస్తోంది. మణిదీప్ బన్ను చుట్టిన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటున్నాడు, రోడ్డు మీద పడెయ్యకుండా. నిన్న ఇతని రక్తం పోస్తూ పెద్ద నెంబరు రావాలనుకుంది. వచ్చింది. ఎవరికి రావాలో మాత్రం కోరిక అడగలేదు.

అపర్ణ రిపోర్టు పుస్తకం లాక్కుని, మణిదీప్ పేరు రాసి, సున్నా పాయింట్ తొమ్మిదని రాసి, సంతకం కోసం పోలారావు ముందు పెట్టింది. ఆయన పెన్ను మూత తీసి, బిగించి, మళ్లీ తీశాడు. గడియారం రెండున్నర కొట్టింది. అప్పుడు పెట్టాడు.

"ఎంతొచ్చినాది?" అన్నాడు మణిదీప్ గుమ్మంలోకి లేచి వచ్చి.

"బాగుంది. పరిగెత్తు, నాలుగు దాటితే ఆయన ఉండరు."

వాడు నిజంగానే పరిగెత్తాడు. బ్యాగు నడుముకి కొట్టుకుంటూ, చెప్పు ఊడితే చేత్తో పట్టుకుని, మలుపు దాకా పరిగెత్తుతూనే వెళ్లాడు.

శనివారం సాయంత్రం కూర్మనాథం గారు ఎదురింటి ఫోనుకి కబురు చేశారు. "కుర్రాడు చేరిపోయాడమ్మా. ఆఖరి నిమిషంలో కాగితమిచ్చాట్ట. వచ్చే ఏడు మళ్లీ చూద్దాం. ఛాన్సు లేకపోలేదు." నూకరత్నం పొయ్యి దగ్గర కూర్చుని ఊదుగొట్టం నోటికానించుకుందే గానీ ఊదలేదు. అప్పటికే కూతురు అంతా చెప్పింది. తల్లి గూట్లోంచి పట్టీలు తీసి, ఒళ్లో పెట్టుకుని, వాటి మువ్వలు లెక్కపెడుతూ కూర్చుంది.

ఆదివారం పొద్దున్నే పోలారావు మోటారు సైకిలు జలంత్రకోట దారి పట్టింది. వెనక అపర్ణ, ఒళ్లో నలభై ఒక్కమందికీ సరిపోయే ఖాళీ గొట్టాల పెట్టె. ఊరు ఇంకా పండగలోనే ఉంది. వీధి మొగలో పులుసు వాసన, ఎవరింట్లోనో పాటలు, ఆరేసిన పిక్కల మీద ఆడుతున్న కోళ్లు. అరుగు మీదున్న దాలమ్మ కళ్లు ఉబ్బి సగానికి మూసుకుపోయాయి. పాదాలు బాగా నీరెక్కాయి. అయినా నవ్వు మొహంతోనే ఉంది.

"డాట్రమ్మొచ్చింది! ఏటే, మల్లీ వచ్చినావు? సీటొచ్చినాదేటి?"

"సీటు రాలేదు మామ్మా. మీ అందరి రక్తం మళ్లీ తియ్యాలి. మొన్న చెప్పిన నెంబర్లు తప్పు."

పాట ఆగిపోయింది. ఇంట్లోంచి ఒకరు, పెరట్లోంచి ఒకరు వచ్చి నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండును. కోడిని కోసినవాడు చేతులు తుడుచుకుంటూ అలాగే ఉండిపోయాడు.

"తప్పని ఎవులు సెప్పినారు?" అంది దాలమ్మ.

"మీ అందరిదీ నాతో పోల్చి కొలిచాం మామ్మా. నాది మంచిదనుకున్నాం."

ముసలమ్మ అపర్ణ మొహం చూసింది, తరవాత కిందికి చూసింది. అరుగు మీద నుంచి మెల్లగా వంగి, పిక్కలేరి నల్లబడ్డ బొటనవేలితో ఆ పిల్ల కాలి మడమ పైన గట్టిగా నొక్కి, తీసింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది. భర్తకీ కొడుక్కీ అలా ఎన్నిసార్లు నొక్కి చూసిందో ఆమెకే తెలియాలి. ఆ గుంట పూడేదాకా ఇద్దరూ దాన్నే చూశారు. చాలాసేపు పట్టింది.

"ఎంత?" అంది దాలమ్మ నెమ్మదిగా.

"రెండు పాయింట్ ఏడు."

"మీయమ్మకి సెప్పినావా?"

అపర్ణ తలూపింది. రెండు రోజులుగా ఆగిన ఏడుపు అప్పుడు వచ్చింది, వెక్కి వెక్కి, చిన్నపిల్లలా. ఊరంతా చూస్తుండగా ఏడ్చింది. దాలమ్మ చాప మీద జరిగి పక్కన చోటు చూపించింది.

"కూకో. ఏడ్సుకో. తరవాత నా రగతం తీద్దువు గాని." ఆమె జాకెట్టు చెయ్యి పైకి మడిచి, చేతిని అపర్ణ ఒళ్లో పెట్టింది. పోలారావు పెట్టె తెరిచాడు. ఒక గొట్టానికి ప్లాస్టరు అంటించి దాలమ్మ పేరు రాశాడు. ఇంకో గొట్టం తీసి, అలవాటు కొద్దీ న రాసి, ఆగి, ఆ ముక్క పీకేశాడు. కొత్త ముక్క మీద తన పేరు రాసుకుని, చొక్కా చెయ్యి పైకి లాక్కుని అరుగు కింద వరసలో నిలబడ్డాడు.